కొబ్బరినూనె పూసిన గ్లౌజులు

పోయిన నెలలో ఒక పొద్దున, మా క్లబ్బులో బట్టలుతికే గదిలో జెర్సీలు మెషీన్లో కుక్కుతుంటే ఆఫీసు గుమాస్తా వచ్చి ఒక పార్శిలు బల్ల మీద పడేసి పోయాడు. దాని మీద నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో వంకరటింకరగా రాసి ఉంది. ఇరవై ఏళ్లుగా కువైట్‌లో ఉన్నాను గానీ నా పేరుతో పార్శిలు రావడం అదే మొదలు. కత్తెరతో కవరు చివర కోశాను. లోపల ఇంకో కవరు. అది విప్పగానే వాసన వచ్చింది. పాత రబ్బరు వాసన, దాని అడుగున పాతబడిన కొబ్బరినూనె వాసన. నిజంగా వచ్చిందో, నా మనసుకే వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. తొమ్మిదేళ్ల కిందటి నూనె వాసన అన్నాళ్లు నిలుస్తుందా? కానీ లోపల ఏముందో చూడకముందే నాకు తెలిసిపోయింది.

అవి ఒక జత గోల్‌కీపరు గ్లౌజులు. అరచేతుల దగ్గర రబ్బరు ఎండిపోయి బీటలు వారింది. వాటితో పాటు ఒక చిన్న కాగితం ఉంది. రాసింది ఆ గ్లౌజులు దాచిన మనిషి కూతురు. ఇంగ్లీషు తెలిసిన మా రూమ్మేటు రమణయ్యకు ఫోటో తీసి పంపితే చదివి చెప్పాడు. "నాన్న పోయారు. పోయేముందు ఆయన పెద్దగా బాధపడలేదు. ఈ గ్లౌజులు కువైట్‌లో ఉన్న నరసీకి చేరాలని చెప్పారు. ఎందుకో మాకు చెప్పలేదు. మీకు తెలుసన్నారు." తెలియకపోవడమా! మెషీన్ ఆన్ చేసి, దాని చప్పుడు చాటున కూర్చుని ఏడ్చాను. యాభై దాటిన మనిషిని కదా, ఎవరికైనా వినిపిస్తే పరువు పోతుందన్న జాగ్రత్త మాత్రం మర్చిపోలేదు.

ఆయన పేరు ఎలాదియో. దక్షిణ అమెరికాలో పరాగ్వే అనే దేశం ఆయనది. ఆ దేశం ఎక్కడుందో మా క్లబ్బులో సగం మందికి తెలియదు, నాకు అసలే తెలియదు. ఒకప్పుడు గోల్‌కీపరు, తర్వాత గోల్‌కీపర్లకు ఆట నేర్పే కోచ్. ఇక్కడ ఆటగాళ్లనూ కోచ్‌లనూ అందరినీ "కాబ్తిన్" అని పిలుస్తారు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. క్లబ్బులో గడ్డికి నీళ్లు పట్టే మా రమణయ్య మాత్రం నోరు తిరక్క "ఎల్లయ్య సారు" అనేవాడు. ఆయన దానికీ పలికేవాడు. మనిషి గోల్‌కీపరంత ఎత్తుండడు. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. ఎడమచేతి చిటికెన వేలు పక్కకు తిరిగిపోయి ఉండేది, కుడిచేతిలో రెండు వేళ్లు తిన్నగా చాచలేకపోయేవాడు. చాయ్ గ్లాసు పట్టుకోవాలంటే రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, పిచ్చుకపిల్లను పట్టుకున్నంత మెల్లగా పట్టుకునేవాడు.

నేను ఆ క్లబ్బుకు వచ్చిన కథ చెప్పాలి. మాది రైల్వేకోడూరు పక్క. కువైట్‌కు వచ్చిన కొత్తలో మిష్రిఫ్‌లో ఒక విల్లాలో డ్రైవరుగా చేశాను. ఆ ఇంటి పెద్దాయనకు క్లబ్బులో పలుకుబడి ఉండేది. పిల్లలు పెద్దవాళ్లయి ఎవరి కార్లు వాళ్లు నడుపుకోవడం మొదలుపెట్టాక నన్ను ఇంటికి పంపేయకుండా ఆయన నా ఇఖామాను, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టును, క్లబ్బు పేరు మీదికి మార్పించాడు. పని జెర్సీలు ఉతకడం, బంతులకు గాలి కొట్టడం, నీళ్ల సీసాలు నింపడం. ఫుట్‌బాల్ అంటే నాకు ఇంత కూడా తెలియదు. పదకొండు మంది ఉంటారని కూడా అక్కడే నేర్చుకున్నాను.

మొదటిరోజే ఎలాదియో ఒక జత గ్లౌజులు తెచ్చి వాష్‌బేసిన్ దగ్గర నన్ను నిలబెట్టాడు. మా ఇద్దరి మాటలు సగం విరిగిన అరబ్బీ, పావు హిందీ, మిగిలింది చేతులతో. ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాను. "మెషీన్ లేదు, సర్ఫ్ లేదు. నీ చేతులకు తొడుక్కో," అన్నాడు. తొడుక్కున్నాను. గోరువెచ్చటి నీళ్ల కింద పెట్టి, ఒక చేత్తో ఇంకో చెయ్యి రుద్దుకోమన్నాడు. అన్నం తిన్నాక చేతులు కడుక్కున్నట్టే, అంత మెత్తగా. "ఇప్పుడు విప్పి, పిండకుండా, నీడలో. ఎండ లేదు. ఎప్పుడూ ఎండ లేదు. గ్లౌజు మొత్తం ఎండిపోతే చచ్చిపోతుంది. కొంచెం తడి ఉండాలి." నాకు నవ్వొచ్చింది. మిరపకాయలనుంచి దుప్పట్ల దాకా అన్నీ ఎండలో వేసి బతికిన ఊరు మాది. కువైట్‌లో దేవుడు ఉచితంగా ఇచ్చేది ఎండ ఒక్కటే, దాన్నీ వద్దంటాడేమిటీ మనిషి అనుకున్నాను. పైకి మాత్రం సరేనంటూ "జైన్, కాబ్తిన్," అన్నాను.

ఆయన జీవితం నాకు ఒక్కసారిగా తెలియలేదు. ఒక రంజాన్ నెలలో ఆటగాళ్ల ఇఫ్తార్ కోసం లారీలో పుచ్చకాయలొచ్చాయి. నేను లారీ పైనుంచి విసరడం, రమణయ్య కింద పట్టడం. కోడూరు తోటల్లో బొప్పాయి లారీలకు ఎత్తిన చేతులు మావి, చకచకా పోతున్నాయి కాయలు. ఎలాదియో దూరం నుంచి చూసి పరుగెత్తుకొచ్చి రమణయ్యను పక్కకు నెట్టి తను నిలబడ్డాడు. "విసురు!" అన్నాడు. విసిరాను. అబ్బ, ఆ పట్టడం చూడాలి. కాయ చేతుల్లో పడగానే మోచేతులు లోపలికి వెళ్లిపోయేవి, కాయ పొట్టకు ఆనుకునేది, 'టప్' మని చప్పుడు కూడా వచ్చేది కాదు. "మా నాన్న నది ఒడ్డున పడవల్లోకి పుచ్చకాయలు ఎక్కించేవాడు," అన్నాడు రొప్పుతూ. "కాయ పగిలితే ఆ రోజు కూలి పోయేది. పగలకుండా పట్టడం నాకు ఏడేళ్లకే వచ్చింది. తర్వాత ఎవరో కాయ బదులు బంతి ఇచ్చారు. అంతే, గోల్‌కీపరు."

"ఎల్లయ్య సారు మన ఊళ్లో పుట్టాల్సినోడు, తప్పిపోయి యాడనో పడినాడు," అన్నాడు రమణయ్య. ఆ సాయంత్రం పగిలిన కాయ ఒకే ఒక్కటి, అది కూడా రమణయ్య చేతిలోదే.

అక్కడినుంచి ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. పదిహేడేళ్లకు ఊరి జట్టు. ఎత్తు చాలదని రెండు పెద్ద క్లబ్బులు వెనక్కి పంపాయి. మూడోది తీసుకుంది. తర్వాత కొండల మీద ఊపిరాడని ఊళ్లలో ఆడాడు, సముద్రపు గాలికి బంతి మెలికలు తిరిగే ఊళ్లలో ఆడాడు. ఒకసారి దేశం జట్టుకు పిలుపొచ్చింది. "మూడు మ్యాచులు. మూడుసార్లూ జాతీయగీతం పాడాను. ఒక్క బంతీ ముట్టుకోలేదు. బెంచీ మీదే," అని నవ్వేవాడు. "మా అమ్మ మాత్రం టీవీలో నన్ను చూసి ఊరందరికీ చెప్పింది, నా కొడుకు ఎంత బాగా కూర్చున్నాడో అని." ఆయన నవ్వు చూస్తే మనకూ నవ్వొచ్చేది.

ఇంక బదర్ గురించి చెప్పాలి, అతను లేకపోతే ఈ కథే లేదు. బదర్ కువైటీ. అప్పటికి ఇరవై రెండేళ్లు. పొద్దున ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం గోల్‌కీపరు. పెద్దింటి పిల్లవాడైనా నీళ్ల సీసా అందిస్తే "షుక్రన్" అనకుండా తీసుకునేవాడు కాదు. ఎలాదియోకు అతనంటే ప్రాణం. "వీడి చేతులకు చప్పుడు లేదు, విను," అని నన్ను గోలు వెనకాల నిలబెట్టేవాడు. నిజమే. మిగతా కీపర్లు పడితే బంతి 'ధబ్' మనేది. బదర్ పడితే ఏమీ వినిపించేది కాదు, బంతి వచ్చి ఇంటికి చేరినంత నిమ్మళంగా ఉండేది.

ఎలాదియో దగ్గర ఒక కట్టడి ఉండేది. ప్రాక్టీసులోనైనా సరే, గోలు పడితే బంతిని నెట్లోంచి కీపరే తీసుకురావాలి. వేరే ఎవరూ తియ్యకూడదు. ఒకసారి వెనకాల నిలబడ్డ నేను సాయం చేద్దామని నెట్లో చెయ్యి పెట్టబోతే గట్టిగా అరిచాడు. "నరసీ! వదిలెయ్! వాడి బంతి, వాడు తీస్తాడు." తర్వాత నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పాడు. "గోలు పడినప్పుడు కీపరుకు అన్నిటికంటే కష్టం ఏది తెలుసా? వెనక్కి తిరగడం. అందరూ చూస్తుంటారు. వంగి బంతి తియ్యాలి. అది చెయ్యగలిగితే మిగతా ఆట ఆడొచ్చు. చెయ్యలేకపోతే బంతి అక్కడే ఉండిపోతుంది." నేను తలూపాను. అర్థమైందనే అనుకున్నాను.

ఇప్పుడు నా ఘనకార్యం. సీజను చివరి మ్యాచు. ఓడితే కింది డివిజనుకు పోతాం, కనీసం సమానంగా ముగిస్తే చాలు. ఆ రోజు పొద్దున మా ఊరి మనిషి ఒకడు సెలవు నుంచి వచ్చి మహబూలాలో దిగాడు. నా భార్య లక్ష్మీదేవి వాడి చేత కారప్పొడి, చెనిక్కాయలు, ఇంట్లో ఆడించిన కొబ్బరినూనె పంపింది. తీసుకోవడానికి పోయి, మాటల్లో పడి, ఊరి సంగతులన్నీ అడిగి అడిగి మూడు గంటలకు క్లబ్బుకొచ్చాను. వచ్చి చూస్తే బదర్ మ్యాచు గ్లౌజులు బకెట్లో అట్లాగే ఉన్నాయి, రాత్రి ఉతకాల్సినవి. గబగబా ఉతికాను. నీళ్లు కారుతున్నాయి. మ్యాచుకు మూడు గంటలే ఉంది. ఎలాదియో చెప్పిన మాట గుర్తు లేక కాదు, గుర్తుంది. ఒక్క గంటకేమవుతుందిలే అని క్లబ్బు బస్సు బానెట్ మీద, మే నెల ఎండలో ఆరేశాను.

గంట తర్వాత చూస్తే అరచేతుల మీది రబ్బరు అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. వంచితే సన్నగా పగిలింది. మన ఇళ్లల్లో ఏది ఎండినా, తల ఎండినా, కాళ్లు పగిలినా, తలుపు బందు కిర్రుమన్నా మందు ఒకటే కదా. సంచిలోంచి సీసా తీసి నాలుగు చుక్కల కొబ్బరినూనె పోసి రుద్దాను. మెత్తబడ్డాయి. ఓయబ్బ, బతికించావు తల్లీ అని లక్ష్మీదేవిని తలుచుకున్నాను. పైనున్న నూనె గుడ్డతో తుడిచేసి తీసుకుపోయి బదర్ చేతికిచ్చాను. అతను తొడుక్కుని ఒక బంతి పట్టుకుని చూశాడు, ముఖం చిట్లించాడు.

"ఇవాళ ఏదోలా ఉన్నాయి, నరసీ."

"కొత్తగా ఉతికాను కాబ్తిన్. కాసేపట్లో సర్దుకుంటాయి," అన్నాను.

నా జీవితంలో చాలా అబద్ధాలు ఆడాను. అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే చెడ్డది అది. నూనె పూయడం తెలియనితనం అనుకోవచ్చు. ఇంకో జత తెమ్మంటారా అన్న ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే ఎందుకని అడుగుతారని భయపడ్డాను. ఎలాదియో ఆ సమయంలో లోపల పెద్ద కోచ్‌తో మాట్లాడుతున్నాడు. ఆయన దగ్గరుంటే కచ్చితంగా కనిపెట్టేవాడు.

మ్యాచు ఆఖరి నిమిషాల దాకా ఒక్క గోలూ పడలేదు. అప్పుడు ఒక బంతి పైనుంచి వచ్చింది. పెద్ద ప్రమాదమైన బంతి కాదు, బదర్ రోజూ వంద పట్టే రకం. ఎగిరాడు, రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. సబ్బు ముక్క జారినట్టు జారి, భుజం మీదుగా వెనక్కి పడి, మెల్లగా గీత దాటిపోయింది. స్టేడియంలో తిట్లు మొదలయ్యాయి. బదర్ వెనక్కి తిరిగాడు, వంగాడు, బంతి తీసుకుని మధ్య గీత దాకా తనే పరుగెత్తి పెట్టి వచ్చాడు. ఎలాదియో నేర్పినట్టే చేశాడు. నేను నీళ్ల సీసాల పెట్టె పక్కన నిలబడి నా కాళ్లు చూసుకుంటున్నాను.

మ్యాచు తర్వాత డ్రెస్సింగు గదిలో బదర్ గ్లౌజులు విసిరేసి గోడకు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఎలాదియో వంగి ఆ గ్లౌజులు తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు, నా ముఖాన్ని కాదు, నా తలను. ఆ మొత్తం క్లబ్బులో రోజూ తలకు కొబ్బరినూనె రాసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. అందరి ముందూ నోరు విప్పుతాడేమోననుకున్నాను. ఆయన గ్లౌజులు తన సంచిలో పెట్టుకుని జిప్ లాక్కున్నాడు.

మర్నాడు మేనేజరు గదిలో పంచాయితీ. చాయ్ ట్రే పట్టుకుని నేను లోపలే ఉన్నాను. బదర్ పేరు కొట్టేయాలని మేనేజరు అరుస్తున్నాడు. ఎలాదియో లేచి నిలబడ్డాడు. "పై బంతుల్ని గుద్దొద్దు, పట్టుకో అని నేనే చెప్పాను. ఆ పిల్లవాడు గుద్దితే గోలు పడేది కాదు. నా మాట విన్నాడు. తప్పు నాది." మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూసి "ఖలాస్" అన్నాడు. బదర్ మిగిలాడు, ఎలాదియో కాంట్రాక్టు పొడిగించలేదు. ట్రే బల్ల మీద పెట్టబోయి చాయ్ ఒలకబోశాను, అది కూడా ఆయనే తన రుమాలుతో తుడిచాడు.

ఎయిర్‌పోర్టుకు ఆయన్ని దించే పని నాకే పడింది. పొద్దున ఎనిమిదింటికి, రోడ్డంతా ఆఫీసులకు పోయే కార్లు. సగం దూరం పోయేసరికి నా వల్ల కాలేదు. పక్కకు ఆపి స్టీరింగు మీద తల పెట్టి చెప్పేశాను, ఎండ, నూనె, బదర్‌తో ఆడిన అబద్ధం, అన్నీ. ఆయన కిటికీ లోంచి చూస్తూ విన్నాడు.

"నీకు తెలుసు కదా కాబ్తిన్. మరి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్పి ఉంటే నువ్వు కూడా ఈ విమానంలోనే ఉండేవాడివి, నా పక్క సీట్లో. నువ్వు చాలా మాట్లాడతావు. నాకు నిద్ర కావాలి," అన్నాడు. నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి. ఆయన మాత్రం నవ్వలేదు. వంకర వేళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఇంకో కథ చెప్పాడు, అంతకుముందు ఎన్నడూ చెప్పనిది. ఊరి జట్టులో ఉన్నప్పుడు ఒక ఫైనల్. బంతి ఆయన కాళ్ల మధ్య నుంచే పోయింది. పేపరువాళ్లు అడిగితే, ముందు నిలబడ్డ నెస్తోర్ నాకు అడ్డమొచ్చాడని చెప్పాడు. నెస్తోర్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, పక్కింటివాడు. ఊరు నెస్తోర్ ముఖాన ఉమ్మేసింది. అతను ఆట మానేసి పక్కదేశానికి తాపీపనికి పోయాడు. "ఈ ఏడు చెప్తా, వచ్చే ఏడు చెప్తా అనుకున్నాను. పన్నెండేళ్ల తర్వాత చెప్పడానికి పోయాను. అప్పటికి ఏడాది ముందే నెస్తోర్ గోడ కట్టే సారవ మీంచి పడి చనిపోయాడు. వాళ్లావిడకు చెప్పాను. ఆమె తలుపు వేసుకుంది."

కారు మళ్లీ నడపమని చెయ్యి ఊపాడు. "నాకు చెప్పావు, మంచిది. కానీ గోలు పడింది నా పేరు మీద కాదు. బదర్ తన చేతులే చెడ్డవనుకుంటున్నాడు. నేను నాలుగుసార్లు చెప్పాను, నీ చేతులు కాదురా అని. ఓదారుస్తున్నాననుకున్నాడు. అది నువ్వు చెప్పాలి. ఆ బంతి నీది నరసీ, నెట్లో ఉంది. నేను తియ్యకూడదు."

"ఎప్పుడు చెప్పను?"

"వాడి చేతులు ముసలివి కాకముందు," అని దిగి, పెట్టె తనే లాక్కుంటూ పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

చెప్పానా? చెప్పలేదు. ఈ ఏడు ఇఖామా రెన్యూవల్ అయ్యాక చెప్తాననుకున్నాను. అది అయ్యాక కూతురి చదువన్నాను. తర్వాత ఇంటి మీద గది అన్నాను. ప్రతి ఏడూ ఇఖామా వచ్చేది, ప్రతి ఏడూ నా నోరు మూతపడేది. సిగ్గులేని జన్మ! ఇటు నా కళ్ల ముందే బదర్ మారిపోయాడు. ఆ మ్యాచు తర్వాత బంతిని పట్టుకోవడం మానేశాడు. చంటిపిల్లవాడు పట్టే బంతిని కూడా పిడికిలితో గుద్దేవాడు. గుద్దిన బంతి వెళ్లి అవతలివాడి కాళ్ల దగ్గరే పడేది. వచ్చిన ప్రతి కోచూ తల పట్టుకునేవాడు. రెండేళ్లకు బదర్ రెండో కీపరయ్యాడు, తర్వాత మూడో కీపరు. కీపర్లకు కొత్త కోచ్ ఒకడు అతన్ని నా ముందే "చేతుల్లో వెన్న" అని ఎగతాళి చేశాడు. నేను వెళ్లి జెర్సీలు మడతపెట్టుకున్నాను. గ్లౌజులు మాత్రం ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఎండ మొహం చూడలేదు, ఏదో దానితో లెక్క సరిపోతుందన్నట్టు.

ఈ సీజనుతో ఆట మానేస్తానని బదర్ మొన్న శీతాకాలంలోనే చెప్పాడు. సీజను ముగియడానికి రెండు వారాలుందనగా ఆ పార్శిలు వచ్చింది. ఆ సాయంత్రం లక్ష్మీదేవికి ఫోన్ చేశాను. తొమ్మిదేళ్లుగా ఆమెకూ చెప్పలేదు.

"ఏందయ్యా, గొంతు అట్లుంది? ఏడ్చినావా?" అంది. అంతా చెప్పాను.

"నేను పంపిన నూనేనా?" అంది.

"ఆ, నువ్వు పంపిందే."

"రేపే పోయి చెప్పు. ఇంటికి పంపిస్తే పంపిస్తారు. వచ్చేయ్. ఇక్కడ తోటల్లో పని లేదా యేమి? ఒకరి బిడ్డ ఉసురు మన ఇంట్లో పెట్టుకోని ఎట్ల తింటావయ్యా అన్నం ఇన్నేండ్లూ?" అని ఫోన్ పెట్టేసింది. ఆమె అట్లా కోపంగా పెట్టేయడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

మర్నాడు ప్రాక్టీసుకు గంట ముందే బదర్ వచ్చాడు. డ్రెస్సింగు గదిలో ఒక్కడే కూర్చుని వేళ్లకు టేపు చుట్టుకుంటున్నాడు. ఇప్పుడు అతనికి ముప్పై ఒకటి, గడ్డంలో రెండు తెల్ల వెంట్రుకలు. గ్లౌజుల కవరు అతని ముందు బెంచీ మీద పెట్టాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్లీ లేవలేనని. అరబ్బీలో మాటలు సరిగా రాక రెండుసార్లు మొదటికొచ్చాను. అతను కవరు విప్పి, ఎలాదియో చూసినట్టే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"కాసేపట్లో సర్దుకుంటాయి అన్నావు ఆ రోజు," అన్నాడు. ఆ మాట అతనికి ఇంకా గుర్తుంది!

"అన్నాను కాబ్తిన్."

"నా కొడుకు పుట్టినప్పుడు," అని ఆగాడు. టేపు వేళ్లకు బిగించి మళ్లీ విప్పాడు. "నర్సు తెచ్చి ఎత్తుకోమని ఇచ్చింది. నేను తీసుకోలేదు నరసీ. మా అమ్మకు ఇమ్మన్నాను. నా చేతుల్లోంచి జారిపోతాడేమోనని."

కాళ్లు పట్టుకుందామనుకున్నాను. వంగబోతే భుజం పట్టి ఆపి, నన్ను దాటుకుని బయటికి పోయాడు. అయిపోయింది, మేనేజరు దగ్గరికే పోయాడనుకున్నాను. సంచీలో పాస్‌పోర్టు కాపీ ఉందో లేదో కూడా చూసుకున్నాను. ఇంతలో మైదానం నుంచి కేక వినిపించింది. "యల్లా, నరసీ! బంతులు తీసుకురా."

సంచీ నిండా బంతులు తీసుకుని పోయాను. గోలులో నిలబడి ఉన్నాడు. ఎలాదియోకు కోపమొస్తే మొఖం ఎట్లా ఉండేదో అట్లా ఉంది మొఖం. "కొట్టు," అన్నాడు. చెప్పులేసుకున్న కాలితో, పొట్ట వేసుకుని, జన్మలో బంతి తన్నని నేను కొట్టాను. అది దొర్లుకుంటూ పోయింది. అట్లాంటి బంతిని కూడా వంగి పిడికిలితో గుద్దాడు. ఇంకోటి కొట్టాను, గుద్దాడు. ఇంకోటి. ఒక బంతి ఎట్లా లేచిందో లేచింది, పట్టుకోబోయి గుద్దబోయి రెండూ కాక చేతుల మధ్య నుంచి వదిలేశాడు. నెట్లో పడింది. బదర్ అలవాటుగా వెనక్కి తిరిగాడు.

"ఉండు కాబ్తిన్. అది నాది," అన్నాను.

పరుగెత్తాను. యాభై గజాలు కూడా లేదు, ఊపిరాడలేదు. అతన్ని దాటుకుని, నెట్ కిందికి వంగి, బంతి తీసుకుని లేచాను. వెనక్కి తిరిగి చూస్తే అతని కళ్లు నిండి ఉన్నాయి, కోపం కూడా అట్లాగే ఉంది. "మేనేజరుకు చెప్పను. కానీ క్షమించాననుకోకు. ఇంకా లేదు," అన్నాడు. తర్వాత, "రేపు కూడా రా," అన్నాడు.

అప్పటినుంచి రోజూ పోతున్నాను, సీజను అయిపోయినా సరే. బదర్ ఇక ఆడడు, జట్టులో అతని పేరు లేదు. అయినా ఆఫీసు అయ్యాక వస్తాడు, గ్లౌజులు నా దగ్గరే తీసుకుంటాడు, గోలులో నిలబడతాడు. వాటిని నేను చేతులకు తొడుక్కునే ఉతుకుతాను, తలుపు వెనకాల నీడలో ఆరేస్తాను. తలకు నూనె రాసుకోవడం మానలేదు గానీ రాసుకున్నాక చేతులు మూడుసార్లు కడుక్కుంటాను. ఎలాదియో పంపిన జత నా లాకర్లో, పాస్‌పోర్టు కాపీ పక్కన ఉంది. గోలు పడిన ప్రతి బంతినీ నేనే తీస్తున్నాను. వద్దని బదర్ అనడు.

నిన్న సాయంత్రం తన మూడేళ్ల కొడుకును తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టాడు. "కొట్టు," అన్నాడు. ఇన్నాళ్లకు నా కాలికి కాస్త సాధన వచ్చింది, బంతి పైకి లేచి నేరుగా అతని ఛాతీ ఎత్తుకు పోయింది. రెండు చేతులూ ముందుకొచ్చాయి, మోచేతులు లోపలికి వెళ్లాయి, బంతి పొట్టకు ఆనుకుంది. చెవులు రిక్కించి నిలబడ్డాను. చప్పుడు రాలేదు.